చైనా ఓపిక, పాశ్చాత్యుల తొందర - నిజమెంత?

చైనా వాళ్ళు శతాబ్దాల లెక్కన ఆలోచిస్తారనీ, పాశ్చాత్యులకు అంత ఓపిక లేదనీ తరచు వింటుంటాం. దీనికి రుజువుగా ఒక కథ చెబుతారు. 1972లో ఫ్రెంచి విప్లవ ఫలితాల గురించి అడిగితే, చైనా ప్రధాని చౌ ఎన్ లై అప్పుడే చెప్పలేమన్నారట! ఆయన మాట 1789 గురించి కాదనీ, 1968 నాటి పారిస్ విద్యార్థుల తిరుగుబాటు గురించనీ నిక్సన్ వెంట వెళ్ళిన దుబాసీ చాస్ ఫ్రీమన్ 2011లో తేల్చి చెప్పారు.

నిజానికి 1980లలోనే షెన్‌జెన్‌లో 'కాలమే ధనం' అన్న నినాదం బోర్డులకెక్కింది. తర్వాత అక్కడి టెక్ కంపెనీల్లో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజుల పని మామూలైపోయింది. అది చట్టవిరుద్ధమని 2021లో సుప్రీం కోర్టే చెప్పాల్సి వచ్చింది. ఓపిక రక్తంలోనే ఉంటే ఇంత తొందర ఎక్కడిది?

తేడా ఉన్నది వ్యవస్థల్లో. అమెరికా ప్రతినిధుల సభకు 2 ఏళ్ళకోసారి ఎన్నికలు. చైనాలో 1949 నుంచీ ఒకే పార్టీ పాలన. అందుకే 2049కి కూడా లక్ష్యాలు పెట్టుకోగలదు.

కనుక చైనా కంపెనీ సంతకం ఆలస్యం చేస్తే 'వాళ్ళ సంస్కృతే అంత' అనుకోకండి. ఎవరి ఆమోదం కావాలో అడగండి. 'ఇండియన్ స్ట్రెచబుల్ టైమ్' అంటే నొచ్చుకునే మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?