పెన్షన్ మనది, చెమట మనది, నొక్కేసేవాడు ఇంకొకడా?

ఖరగ్‌పూర్ తెలుగు అన్నల్లారా! అక్కల్లారా! పెద్దల్లారా!

నెలాఖరులో పెన్షన్ పడుతుంది. మర్నాడే ఫోన్ మోగుతుంది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ లైఫ్ సర్టిఫికెట్ అందలేదు. పెన్షన్ ఆగిపోతుంది. పంపిన లింకు నొక్కండి." వర్క్‌షాపులో ఒళ్ళు హూనం చేసుకుని రిటైరైన పెద్దాయన. బెదిరిపోతాడు. నొక్కుతాడు. అంతే! ఖాతా ఊడ్చుకుపోయింది!

ఆపైన ఏం జరుగుతుందో మనకి తెలీదా? ఇంట్లో చెప్పడు. కోడలు ఏమనుకుంటుందోనని సిగ్గు. రెండు రోజులు అన్నం సయించదు, నోరు పెగలదు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్ని చేతులు మారిపోతుంది! అయ్యా, సిగ్గు మీకెందుకు? దోచినవాడు పడాలి సిగ్గు! డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ కొట్టండి. బ్యాంకుకి చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకోటి గట్టిగా గుర్తుంచుకోండి. మనకి డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను అడిగాడంటే డబ్బు పోతోందనే! "డిజిటల్ అరెస్టు" అన్నది మన చట్టంలోనే లేదు. వీడియోలో ఖాకీ చొక్కా కనిపించినా సరే, కట్ చేసెయ్యండి!

ఇప్పుడు ఏ పని ఫోన్ లేకుండా జరుగుతోంది? రైల్వే పాసు ఫోన్‌లో. వైద్యం కార్డు ఫోన్‌లో. ఊరెళ్ళడానికి తత్కాల్ టికెట్ తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ కలపాలి. రాకపోతే? సైబర్ షాపుకి పరుగు. యాభై అంటే యాభై, వందంటే వంద. పైసలతో పోతే సరే. ఆధార్, ఓటీపీ, పాస్‌వర్డు అన్నీ అక్కడే వదిలి వస్తున్నాం! బిడ్డ రైల్వే ఉద్యోగానికి పెట్టే ఆర్‌ఆర్‌బీ ఫారంలో ఎవరో తొందరలో కేటగిరీ తప్పు కొడితే ఎవరి ఉద్యోగం పోతుంది? ఆ పరీక్ష తెలుగులో రాయొచ్చు. ఫారం నింపేటప్పుడే భాష ఎంచుకోవాలి. ఈ ముక్క ఎంతమంది పిల్లలకి చెప్పారు? పరీక్ష కంప్యూటర్ మీద. ఫోన్ మీద మెరుపులా పరిగెత్తే వేలు మౌసు పట్టుకుంటే వణుకుతోంది. మూడు తప్పులకి ఒక మార్కు కోత! తెలివి లేక కాదు, చేతికి అలవాటు లేక మన పిల్లలు ఓడిపోతున్నారు. ఇది కడుపు మండే సంగతి కాదా?

నేర్పేవాళ్ళు రాలేదా అంటే, 2017లో కేంద్రం డిజిటల్ పనులు నేర్పడానికి పీఎంజీదిశ అని పథకం పెట్టింది. ఎవరికి? పల్లెల వాళ్ళకి. ఇంటికి ఒక్కరికి. 14 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళకి. 2024 మార్చితో అదీ ముగిసింది. మనది మున్సిపాలిటీ. మన పెన్షనర్లకి అరవై దాటింది. మరి మన గతేంటి?

1951 నుంచి ఐఐటీ మన పక్కనే ఉంది. సుందర్ పిచాయ్ చదివింది అక్కడే. పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్ 2022లో మొదలైంది అక్కడే. దేశానికంతటికీ డిజిటల్ లైబ్రరీ నడుపుతున్నదీ అక్కడి నుంచే. ఇంత చదువు కూతవేటు దూరంలో! నింపురాలో, మథురాకాటిలో మన అమ్మలకి మాత్రం పెన్షన్ స్లిప్పు తీసుకోవడం రాదు. ఐఐటీలో చదివే తెలుగు పిల్లలూ, మీకే చెబుతున్నాం. ఆదివారం ఒక్క గంట మా గల్లీకి రండి!

రేపు ఇంకా కష్టం. కొడుకు గొంతుతోనే ఫోన్ వస్తుంది: "నాన్నా, యాక్సిడెంటైంది, డబ్బు పంపు!" గొంతు వాడిదే. మాట్లాడేది యంత్రం! కాసేపటి మాట దొరికితే చాలు, ఏఐ ఆ గొంతు దింపేస్తుంది. ఇవాళే ఇంట్లోవాళ్ళంతా కూర్చుని ఒక గుట్టు మాట పెట్టుకోండి. ఆ మాట చెప్పలేనివాడికి పైసా పంపొద్దు.

అదే ఏఐ మనకి పనికిరాదా? ఎందుకు రాదు! చదువు రాని అమ్మ తెలుగులో అడిగితే ఫోన్ తెలుగులో జవాబిస్తోంది. లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లో కూర్చుని మొహం చూపించి ఇచ్చుకోవచ్చు. బటన్ ఫోన్ నుంచి కూడా డబ్బు పంపే దారి 2022లోనే వచ్చింది. భయపడి మూల పెడితే ఈ మేలంతా ఎవరికి?

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి నాగలి వదిలి వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరేదాకా ఇంజిను ముట్టుకున్నవాళ్ళు కారు. పక్కవాడు చూపించాడు. నేర్చారు. పట్టు సాధించారు. మనకీ పక్కవాడే గురువు!

ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం. గుడి అరుగు మీదో, క్లబ్బు గదిలోనో, ఎవరి వాకిట్లోనో చాప పరవండి. కాలేజీ పిల్లలు నేర్పాలి. ఒక్కో వారం ఒక్క పని. మొదట తెలియని లింకు వదిలెయ్యడం, ఆధార్ వేలిముద్రకి తాళం వెయ్యడం. తర్వాత టికెట్టు, పాసు. అన్నల్లారా, ఇంట్లో ఆడవాళ్ళ చేతికి ఫోన్ ఇవ్వండి! రీచార్జి కూడా మొగుడే చేసే ఇంట్లో ఆవిడకి ఎప్పుడు వస్తుంది?

అడగాల్సిన వాళ్ళనీ అడుగుదాం. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ప్రకటించింది. అయితే మున్సిపాలిటీలో తెలుగులో చెప్పే సాయం కౌంటరు పెట్టండి! రైల్వే అధికారులారా, నవంబరులో పెన్షనర్ల కోసం కాలనీల్లోనే శిబిరం పెట్టండి! యూనియన్ నాయకుల్లారా, ఆఫీసులో రెండు కంప్యూటర్లు పిల్లల ప్రాక్టీసుకి వదలండి! సంతకాల కాగితం ఇంటింటికీ వస్తోంది. గోల్ బజార్ నుంచి మలంచ దాకా ఒక్క తెలుగు గడప మిగలకూడదు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోనూ చార్జరూ పట్టుకుని రండి. పక్కింటి మామ్మని కూడా చెయ్యి పట్టుకుని తీసుకురండి!