నారుమడి కప్పు ఖర్చు కూడా పంట ఋణమే



ఆదిలాబాద్ రైతు చలిని ముందుగానే లెక్కలో వేసుకుంటాడు. నేను పనిచేస్తున్న సూరత్ ప్రాంతపు రైతు అలా కాదు. సముద్రం దగ్గర కనుక ఇక్కడి శీతకాలం సౌమ్యం. కాకరాపార్ కాలువల నీరున్నందున జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వేసవి పంటకు బీర, కాకర, సొర నారు పెంచుతారు. అయితే హిమాలయాలలో మంచు కురిసిన పిదప ఉత్తరపు గాలి ఒక్కొక్కసారి ఇంతవరకు దిగివస్తుంది. తీగజాతి మొక్కలకు మంచు గడ్డకట్టేంత చలి అవసరం లేదు; ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడిపోతే చాలు, వేరు నీటిని సరిగా పీల్చలేదు, ఆకు వాడిపోతుంది.

నష్టం విత్తనాల ధరతో ఆగదు. మళ్ళీ నారు పెంచేసరికి రెండు మూడు వారాలు గడిచి, తొలికాపు ధర చేజారుతుంది. బ్యాంకు వాయిదా తేదీ మాత్రం జరగదు.

వెదురు బద్దలను విల్లులా వంచి, సాయంకాలం పాలిథిన్ షీటు కప్పి, ఉదయం ఎండ రాగానే తొలగించవలెను. తొలగించడం మరచిన నారు చలికి కాదు, ఉక్కకు చస్తుంది! పగటివేళ పలుచగా తడి ఇచ్చిన నేల వేడిని నిలుపుకుంటుంది.

మా వద్దకు వచ్చే దరఖాస్తులలో విత్తనం, ఎరువు, పురుగుమందు కనిపిస్తాయి. ఈ షీటు కనిపించదు. నా అభిప్రాయంలో ఇదీ పంట ఖర్చే. ఏ పంటకు ఎకరానికి ఎంత ఋణమివ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. ఆ సమావేశానికి ముందే మీ ఊరి ఖర్చుల వివరాలు వ్రాసి శాఖలో ఇవ్వండి. డీలరు మిత్రులు విత్తనాలతోపాటు షీటును కూడా మీటర్ల లెక్కన అమ్మి, బిల్లులో విడిగా చూపగలరు.