పాత ఆటలూ – కొత్త మిషన్లూ

సావనీరులో కంప్యూటరు ఆటల మీద వ్యాసమేమిటని అధ్యాపకులు కొందరు నవ్వుకోవచ్చు. మా నాన్న మాత్రం నవ్వలేదు. సంక్రాంతి సెలవుల్లో నన్ను లాప్‌టాప్ ముందు చూసి, "వడ్లమ్మి చదివిస్తున్నది ఇందుకట్రా?" అన్నాడు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

నేను తంటాలు పడుతున్న ఆట 'అల్టిమా 4'. రిచర్డ్ గారియట్ అమెరికాలో 1985లో వెలువరించాడు. ఇందులో చివరకు చంపవలసిన రాక్షసరాజంటూ ఎవడూ లేడు. నిజాయితీ, దయ, ధైర్యం, న్యాయం, వినయం మొదలైన ఎనిమిది గుణాలను ఆటగాడు తన నడవడితో సంపాదించాలి. మూలికలమ్మే ఆమెకు కళ్ళు కనపడవు. ఎంత ఇవ్వాలన్నది మన చిత్తం. తక్కువ పెట్టి జారుకుంటే ఎవరూ పట్టుకోరు. కాని ఆట మరచిపోదు. నిజాయితీ లెక్కలో కోత పడుతుంది!

ఇది ఉచితంగానే దొరికింది. మీట నొక్కితే మాత్రం నడవలేదు. ఆనాటి ప్రోగ్రాములు 16 బిట్లవి. నేటి 64 బిట్ల విండోస్ వాటిని నడపదు. 2002లో మొదట వెలువడిన డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము నన్ను ఆదుకుంది. ప్రాసెసరు, సౌండు కార్డుతో సహా పాత కంప్యూటరునే ఇది కొత్తదాని లోపల అనుకరిస్తుంది. అయినా కొన్ని పాత ఆటలు మిషను వేగాన్నే గడియారంగా వాడుకున్నవి. మన మిషన్ల మీద అవి పూనకం వచ్చినట్లు పరుగెడతాయి. కంట్రోలూ ఎఫ్11 మీటలూ కలిపి నొక్కుతూ వేగాన్ని దారికి తెచ్చుకోవాలి.

ఫైలు దాచుకుంటే చాలదా? చాలదంటాను. గాదెలో ఏళ్ళతరబడి వుంచిన విత్తనం మొలకెత్తదు. చల్లి, పండించి, మళ్ళీ విత్తనం తీసుకుంటేనే నిలుస్తుంది. 1996 నాటి 'డాగర్‌ఫాల్'ను అభిమానులు ఏళ్ళపాటు శ్రమించి కొత్త ఇంజనుమీదకు తెచ్చారు. 2023 చివర అది పూర్తి రూపం దాల్చింది. 2002 నాటి 'ఐస్‌విండ్ డేల్ 2' సంగతి చూడండి. దాన్ని కొత్త మిషన్లకు సవరించాలనుకున్నవారికి మూల ప్రోగ్రామే దొరకలేదని 2017లో తేలింది. పదిహేనేళ్ళకే ఈ గతి! అమెరికాలో వెలువడిన పాత ఆటల్లో నూటికి 87 నేడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క చెప్పింది.

అమెరికా దాకా ఎందుకు? మన లాబు బీరువాలో సీనియర్ల ప్రాజెక్టు ఫ్లాపీలు మూలుగుతున్నాయి. చదివే మిషను లేదు. ఏది ఎవరిదో చెప్పేవారూ లేరు. వచ్చే ఏడు యూనియను నిధిలో కొంత పెట్టి ఒక ఫ్లాపీ డ్రైవు కొందాం. శనివారం మధ్యాహ్నాలు లాబు తెరిపించమని అడుగుదాం. ఆటలతో అబ్బిన ఈ విద్య అక్కడ అక్కరకొస్తుంది.

నాన్నా, ఆడుతున్న మాట నిజమే. పాత విత్తనం మొలకెత్తుతుందో లేదో చూస్తున్నాను, అంతే.

– తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి