అన్నం మానేసినా చక్కెర ఎందుకు దిగలేదు?

ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి, గాజువాక నుండి నా వద్దకు వచ్చేవారు. మధుమేహం ఉన్నదని తెలిసిన నాటినుండి ఆయన అన్నం ముట్టలేదు. ఉదయం పెద్ద గ్లాసుడు చోడి జావ, మధ్యాహ్నం నాలుగు చపాతీలు, సాయంత్రం మళ్ళీ జావ, రాత్రికి గోధుమరవ్వ ఉప్మా. "ఏడాదిగా మెతుకు ఎరగను డాక్టరు గారూ, చక్కెర మాత్రం దిగడం లేదు" అన్నారు. పెరుగన్నం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి ఏడాదిపాటు దానిని వదులుకొని పొందిన ఫలితం ఏమీ లేదు.

ఇందులో మా వైద్యుల తప్పు కూడా ఉన్నది. మందుల చీటీ రాసి "అన్నం మానేసి చపాతీ తినండి" అని పంపివేయడం మాకు సులభం. కాని బియ్యపు పొడి బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు, గోధుమపిండిలోను చోళ్ళలోను ఇంచుమించు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పిండిపదార్థమనగా గ్లూకోజు అణువుల గొలుసు. అది ఏ ధాన్యం నుండి వచ్చినా ప్రేగులలో తెగి, గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది. తేడా అంతా ఎంత చేరుతుంది, ఎంత వేగంగా చేరుతుంది అన్న దానిలోనే.

ఆ వేగాన్ని పోల్చడానికి టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ సూచికను ప్రతిపాదించింది. గ్లూకోజుకు 100 అనుకుంటే, 55 లేక అంతకు తక్కువ ఉన్నవి నిదానంగాను, 70 మించినవి వేగంగాను చక్కెరను పెంచుతాయి. అయితే ఈ అంకె ధాన్యానికి శాశ్వతంగా అంటుకొని ఉండేది కాదు. చోళ్ళను మెత్తగా మర పట్టించి, పలుచగా కాచి, గటగట త్రాగితే అది ఉదరంలో ఎక్కువసేపు నిలువదు. పీచు ఉన్నదన్న పేరే మిగులుతుంది.

మన సాంబమసూరి (బాపట్లలో రూపొందిన బీపీటీ 5204) నుండి హైదరాబాదు శాస్త్రజ్ఞులు తయారుచేసిన మెరుగైన రకానికి సూచిక సుమారు 51. సంతోషమే. కాని "షుగరు వాళ్ళ బియ్యం" అని రెట్టింపు వడ్డించుకుంటే ఆ లాభమంతా పళ్ళెంలోనే హరించుకుపోతుంది. నిజానికి మన భోజనక్రమమే ఒక చిక్కు. పప్పుకు ఒక మారు, పులుసుకు ఒక మారు, చారుకు, చివర పెరుగుకు మరొక మారు అన్నం పెట్టుకుంటాం. ఏ మారుకు ఆ మారు కొంచెమే అనిపిస్తుంది. వండిన అన్నం 150 గ్రాములకు, అనగా ఒక చిన్న గిన్నెడుకు, 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. నాలుగు మార్లకు ఎంతో మీరే లెక్క కట్టుకోండి.

కర్మాగారంలో గాని, ఓడరేవులో గాని రాత్రి షిఫ్టు చేసేవారికి ఒక మాట. అదే భోజనం పగటికంటె అర్ధరాత్రి చక్కెరను ఎక్కువగా పెంచుతుంది. పెద్ద భోజనం షిఫ్టుకు ముందే ముగించడం మేలు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర 70 కంటె దిగువకు పడిపోవచ్చును. చెమటలు, వణుకు, మతి తప్పడం. క్రేను మీద ఉన్నవానికి అది ప్రాణాపాయం. మూడు చెంచాల పంచదార జేబులో పెట్టుకోండి. ఆహారం మార్చదలిస్తే ముందుగా మందు మోతాదు గురించి మీ వైద్యునితో మాట్లాడండి.

ఆ పెద్దమనిషికి నేను కొత్త మందేమీ వ్రాయలేదు. అన్నం తినమన్నాను, ఒక్క గిన్నెడు, కొలిచి. ముందు కూర, పప్పు లేక చేప. ఆ తరువాతనే అన్నం. భోజనానంతరం పదిహేను నిమిషాల నడక. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసి, నోటుపుస్తకంలో వ్రాయమన్నాను. చాలామందికి అది 180 లోపు ఉంటే చాలును. మొదటి వారంలోనే ఆయన కనిపెట్టిన సంగతి ఏమిటంటే, పెరుగన్నం తిన్న మధ్యాహ్నం 168, జావ త్రాగిన ఉదయం 241.