తరగతి గది నుండి అంగడికి

పెందుర్తి కూడలిలో దారులు కలుస్తాయి. ఒకటి వేపగుంట, గోపాలపట్నం మీదుగా విశాఖ నగరంలోకి పోతుంది. ఒకటి కొత్తవలస మీదుగా అరకులోయకు, మరొకటి సబ్బవరం మీదుగా బెల్లానికి పేరుపడిన అనకాపల్లికి సాగుతాయి. జనం వచ్చిపోయే చోట అంగళ్ళు వెలయడం సహజం. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలు, కర్రీ పాయింట్లు, టిఫిను బండ్లు, బట్టల కొట్లు దారి పొడుగునా కనిపిస్తాయి. కొన్నింటిలో నిలబడి సరుకు అమ్ముతున్నవాడు మన విద్యార్థి కంటే రెండు మూడేళ్ళు మాత్రమే పెద్దవాడు. పుస్తకాల సంచి భుజాన వేసుకొని రోజూ ఆ దారినే నడిచే విద్యార్థికి, “కళాశాలలో గడిపే ఈ రెండేళ్ళలో నేనూ ఒక కొట్టు నిలబెట్టుకోవచ్చు కదా!” అన్న తలంపు కలిగితే అది నేరం కాదు. దానిని సోమరితనమని కొట్టిపారవేయడం పెద్దలకు సులభమే గాని న్యాయం కాదు.

ఈ తలంపు బలపడడానికి ఈ ప్రాంతపు చరిత్రలోనే కారణం ఉంది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో తెలుగునాడంతా కదిలింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమయింది. రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో ‘పర్మినెంటు’ ఉద్యోగం దొరికితే జన్మ ధన్యమైనట్లే అన్న భావం ఈ చుట్టుపక్కల ఇళ్ళలో వేళ్ళూనుకొన్నది. పిల్లల చదువుకు ఉన్న లక్ష్యమూ అదే. అయితే 2021 జనవరిలో ఆ కర్మాగారంలోని పెట్టుబడులను ఉపసంహరించడానికి కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు, శాశ్వతమనుకొన్నదానిని గురించి కూడా దిగులు పడవలసిన రోజు వచ్చింది. ఎవరో ఇచ్చే జీతం కోసం ఎదురుచూడడం ఎందుకు అన్న ప్రశ్న అటువంటి ఇంటిలో పుట్టడంలో వింత లేదు.

మాటల విషయంలో మనం చేసిన ఒక చిత్రాన్ని ఇక్కడ చెప్పాలి. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్న నానుడిని పెద్దలు తరచుగా వాడతారు. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. వ్యవసాయమంటే నిశ్చయంతో కూడిన కృషి. వ్యాపారమంటే పనిలో నిమగ్నం కావడం. మూడూ మనిషి శ్రమను చెప్పే మాటలే. తెలుగులోకి వచ్చాక ఒకటి నెలజీతానికి, ఒకటి నాగలికి, ఒకటి త్రాసుకు అంటుకొన్నాయి. అంతటితో ఆగక మనం వాటికి అంతస్తులు కూడా ఏర్పరచాము. జీతం తెచ్చేవాడు పైమెట్టు మీద, కొట్టు పెట్టినవాడు ‘చదువు అబ్బక’ అటు వెళ్ళినవాడు! మన ప్రాచీన కవులకు ఈ చిన్నచూపు ఉన్నట్లు కనిపించదు. శ్రీనాథుడు ‘హరవిలాసా’న్ని అంకితం చేసింది ఒక వర్తకునికి. ఆ అవచి తిప్పయసెట్టి కుటుంబం ఓడల మీద తెప్పించిన దేశదేశాల సరుకుల ప్రస్తావన – సింహళపు ఏనుగుల నుండి చీనా పట్టుల దాకా – ఆ కావ్యంలోనే ఉంది. కాబట్టి వ్యాపారం చేయాలనుకొన్న విద్యార్థి తక్కువ పనికి దిగుతున్నాడని నేను అనను. చదువు మానడం వేరు, వ్యాపారం చేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే నిర్ణయంగా ముడివేయడమే నాకున్న అభ్యంతరం.

ఈ ముడి వేసేవారు సాధారణంగా కొన్ని పేర్లు చెబుతారు. బిల్ గేట్స్ 1975లో హార్వర్డు విశ్వవిద్యాలయాన్ని వదలి మైక్రోసాఫ్ట్ స్థాపించాడు. స్టీవ్ జాబ్స్ 1972లో రీడ్ కళాశాలలో చేరి, ఒక్క సెమిస్టరుతోనే విరమించుకొన్నాడు. మనకు దగ్గరలో, విజయనగరం, పార్వతీపురం మీదుగా పోయే రైలుమార్గంలో ఉన్న రాయగడలో బడిచదువు చదివిన రితేశ్ అగర్వాల్ ఢిల్లీలో కళాశాల చదువు మానివేసి, 2013లో ఓయో సంస్థను ప్రారంభించాడు. ఈ కథలు నిజమే. కాని చెప్పేవారు వదలివేసే సంగతులు కొన్ని ఉన్నాయి. వీరెవరూ మన ఇంటర్మీడియట్ వంటి దశలో చదువు విడిచినవారు కారు. బడిచదువు ముగించి, పై చదువులో చేరిన తరువాత విడిచారు. గేట్స్ తండ్రి సియాటిల్ నగరంలో న్యాయవాది. కొడుకు సెలవు పెట్టి వెళ్ళాడు. వ్యాపారం కలిసిరాకపోతే హార్వర్డుకు తిరిగి రావచ్చు. రితేశ్ అగర్వాల్ 2012లోనే ఒరావెల్ అనే సంస్థను నడుపుతున్నాడు. చదువు పక్కనపెట్టి సొంత పని చేపట్టే యువకులకు అప్పట్లో లక్ష డాలర్లు ఇచ్చిన థీల్ ఫెలోషిప్ అతనికి 2013లో లభించింది. అంటే వీరు చీకటిలోకి దూకలేదు. కింద ఒక వల ఉంది. ఆ వల సంగతి చెప్పకుండా దూకిన సంగతి మాత్రమే చెప్పడం వినేవాడికి అపకారం.

మెట్రిక్యులేషనుతో ఆగిన ధీరూభాయ్ అంబానీ మాటేమిటని మరొకరు అడగవచ్చు. ఆయన బడి విడిచిన మరునాడే కొట్టు తెరవలేదు. ఏడెన్ రేవుపట్టణానికి వెళ్ళి, ఒక వర్తక సంస్థలో ఏళ్ళ తరబడి జీతానికి పనిచేసి, 1958లో స్వదేశానికి వచ్చాకనే సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. కళాశాల నేర్పవలసినది ఆయనకు ఆ రేవు నేర్పింది. ఇక తెలుగువారిలో చూస్తే, రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టా పొందాకనే 1978లో జనపనార మిల్లుతో వ్యాపారం ఆరంభించారు. బొల్లా శ్రీకాంత్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టు అంధుడుగా జన్మించిన ఆయనకు పదవ తరగతి తరువాత సైన్సు గ్రూపులో చేరడానికి అనుమతి దొరకలేదు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి ఆ హక్కు సాధించుకొన్నారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదువు ముగించి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించి, వికలాంగులకు పని కల్పించారు. మనం విడిచిపోదామనుకొంటున్న తరగతి గదిలోకి ప్రవేశించడానికే ఒకరు వ్యాజ్యమాడవలసి వచ్చింది!

పేరున్నవారి సంగతి చాలు. పెందుర్తి కూడలిలో కర్రీ పాయింటు పెట్టాలనుకొన్న ఒక విద్యార్థిని ఊహించుకొందాం. వంట తల్లిది, అమ్మకం కొడుకుది. రోజుకు 3,000 రూపాయల కూరలు అమ్ముడవుతాయని లెక్క వేసుకొన్నాడు. తొమ్మిది వందలు మిగిలినా నెలకు ఇరవై ఏడు వేలు కదా అని సంబరపడ్డాడు. ఇప్పుడు పద్దు వ్రాద్దాం. కూరగాయలు, నూనె, పప్పులు, మసాలాలకు 1,900, గ్యాసుకు 150, కవర్లకు, పొట్లాలకు 100, సాయంత్రానికి అమ్ముడుపోక పారబోసినదానికి 200, నెలకు ఎనిమిది వేల అద్దె అయితే రోజుకు దాదాపు 270, కరెంటుకు 50. మొత్తం 2,670. మిగిలేది 330 రూపాయలు. నెలలో ఒక్క రోజు కూడా మూయకపోతే పదివేలకు కొంచెం తక్కువ. తెల్లవారుజామున బజారుకు పోవడం మొదలు రాత్రి గిన్నెలు తోమడం దాకా ఇద్దరు మనుషులు పడిన శ్రమకు అది ఫలం. పెట్టుబడికి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇంకా తీయలేదు. తల్లి శ్రమకు కూలి కట్టనే లేదు; మన ఇళ్ళలో దానిని ఎవరూ కట్టరు కూడా.

ఈ లెక్క చూపి ఆ పిల్లవాడిని నిరుత్సాహపరచాలని కాదు. అంకెలు మారవచ్చు. చోటు మంచిదైతే అమ్మకం రెట్టింపు కావచ్చు. తల్లి చేతి గోంగూర రుచికి జనం వరుస కట్టవచ్చు. కాని అమ్మకాన్ని లాభమనుకోవడం, సొంత శ్రమకు వెల కట్టకపోవడం, పాడైన సరుకును మరచిపోవడం అనే మూడు చోట్లే కొత్త అంగళ్ళు కుంగుతాయి. విచిత్రమేమంటే, ఈ మూడింటినీ పట్టుకొనే జంటపద్దు విధానాన్ని, సరుకు నిల్వల లెక్కను, తరుగుదలను ఇంటర్మీడియట్ వాణిజ్యశాస్త్రంలోనే బోధిస్తారు. వ్యాపారం కోసం ఆ తరగతి మానేవాడు, ఈత రాకుండా ఏటిలో దిగడానికి ఈత నేర్పేవాడి దగ్గర నుండి పారిపోతున్నాడన్నమాట. అయితే ఒక నిందను మేము కూడా భరించాలి. ఆ పాఠాన్ని కర్రీ పాయింటు పద్దుతో ముడిపెట్టి చెప్పే ఓపిక మాలో ఎందరికి ఉన్నది?

చట్టం సంగతి కూడా విద్యార్థి తెలుసుకోవాలి. ఇంటర్మీడియట్ చదివేవారిలో ఎక్కువ మందికి పద్దెనిమిదేళ్ళు నిండవు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందం చెల్లనే చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పింది. కాబట్టి కొట్టు అద్దె కాగితం మీదా, బ్యాంకు అప్పు మీదా సంతకం తండ్రిదో తల్లిదో అవుతుంది. వ్యాపారం మునిగితే అప్పులవాడు వచ్చి తలుపు తట్టేది వారి పేరుతోనే. ‘నా ధైర్యం’ అని మనం చెప్పుకొనేది నిజానికి అమ్మానాన్నల పూచీ. 1932 నాటి భాగస్వామ్య చట్టం మైనరును లాభాలు పొందే మేరకు చేర్చుకోనిస్తుంది. అయితే అతడు మేజరు అయ్యాక ఆరు నెలలలోగా, భాగస్వామిగా కొనసాగనని బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, భాగస్వామి అయిపోయి సంస్థ అప్పులకు బాధ్యుడవుతాడు. స్నేహితుల మాట మీద ‘పార్ట్‌నర్’ అయిన పిల్లలలో ఈ సంగతి తెలిసినవారు అరుదు.

ఇక్కడ ఎదుటి వాదానికి దక్కవలసిన బలాన్ని దాచకూడదు. అప్పు ఇచ్చేవారు పట్టా అడగరు. 2015లో వచ్చిన ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద యాభై వేల రూపాయల దాకా తనఖా లేకుండా అప్పు పొందవచ్చు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పెద్ద యూనిట్లకు సైతం ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత చాలు. వయసు మాత్రం పద్దెనిమిది దాటాలి. అంటే కాగితం ముక్క కోసమే చదవాలన్న వాదం నిలువదు. అయితే ఆ పథకాల దరఖాస్తును, దాని చివర చిన్న అక్షరాలలో ఉండే షరతులను సొంతంగా చదివి అర్థం చేసుకొనే శక్తి ఎక్కడి నుండి వస్తుందన్నది వేరే ప్రశ్న.

ఆడపిల్లల విషయం మరొక రకం. ఇంటి అంగడిలో మనిషి అవసరమైనప్పుడు చాలా సార్లు ముందుగా బడి మానేది కూతురే. ఆమెను ఎవరూ వ్యాపారవేత్త అని పొగడరు. లాభంలో వాటా ఇవ్వరు. కొట్టు పలక మీద ఆమె పేరు వ్రాయించరు. కొడుకు మానితే అది నిర్ణయం, కూతురు మానితే అది సర్దుబాటు. చదువు మానే ప్రసక్తి వచ్చిన ఇంట్లో “ఇది ఎవరు కోరుకొన్నది?” అని అడగవలసిన అవసరం ఇందువల్లనే కలుగుతున్నది.

క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే పాలకులు దానిని స్వాధీనం చేసుకొనేవారు. ఓడ పోయినవాడికి సరుకైనా దక్కాలని తలచి, గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకొని మిగిలినదంతా వర్తకునికే విడిచిపెట్టాడు. ఓడలు పగలకుండా ఆపడం ఏ రాజు తరమూ కాదు. పగిలినవాడిని కాపాడడం మాత్రం అతని చేతిలో పని. చదువు మానాలా వద్దా అన్న ప్రశ్నను నేను ఈ శాసనం వెలుగులో చూస్తాను. కొట్టు మూతపడిన నాడు ఈ పిల్లవాడికి అభయం ఎక్కడ దొరుకుతుంది?

పట్టభద్ర స్థాయిలో ఇప్పుడు ఆ అభయం కొంత ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిగ్రీ మధ్యలో ఆగిపోయినవారికి ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇవ్వాలని చెప్పింది. 2021లో యు.జి.సి. ఏర్పరచిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ళ దాకా నిలువ ఉంటాయి. అంకుర సంస్థ పెట్టే విద్యార్థికి ఒక సెమిస్టరో, ఏడాదో విరామం ఇవ్వవచ్చని కేంద్రం 2019లో ప్రకటించిన విధానం సూచించింది. ఇంటర్మీడియట్‌లో ఇటువంటి నిలువ లేదు. మధ్యలో ఆగినవాడి చేతిలో మిగిలేది పదవ తరగతి సర్టిఫికెట్ మాత్రమే. అందువల్ల నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఈ రెండేళ్ళు మానవద్దు. అంగడిని సాయంత్రాలలో, సెలవులలో, చిన్నగా, పద్దు వ్రాసుకొంటూ మొదలుపెట్టండి. ఆరు నెలల పద్దులో మీ కూలి పోను లాభం కనిపిస్తే, డిగ్రీలో చేరాక విరామం తీసుకొని పూర్తి కాలం దానికే ఇవ్వండి. అప్పుడు నేను అడ్డు చెప్పను.

కాని సాయంత్రాలు ఎక్కడివి? తెల్లవారింది మొదలు రాత్రి పడుకొనే దాకా స్టడీ అవర్లలో బంధించే కళాశాలలలో చదివే పిల్లవాడికి పద్దు వ్రాసుకొనే గంట కూడా మిగలదు. అక్కడ ‘చదువా, వ్యాపారమా’ అన్న ఎంపిక విద్యార్థి సృష్టించినది కాదు, మనం సృష్టించినది. ఇక కొందరి ఇళ్ళలో తండ్రి మంచాన పడో, అప్పు మీదపడో మానక తప్పని పరిస్థితి వస్తుంది. అటువంటివాడికి నా సలహా పనికిరాదు. వాడు టి.సి. కోసం కార్యాలయం కిటికీ దగ్గర నిలబడినప్పుడు, రుసుము బాకీ ఎంత ఉందో చెప్పేవారే గాని, ఎలా తిరిగి చేరవచ్చో, చేరలేకపోతే సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటర్మీడియట్ ఎలా పూర్తిచేయవచ్చో చెప్పేవారు తక్కువ. ఆ వివరాలు ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి, టి.సి.తో పాటు వాడి చేతిలో పెట్టాలి. అది చేయవలసినది అధ్యాపకులమైన మేమే.