‘డౌరీ’ అనే మాటలో పోయిన వాటా

కట్నానికి మన చట్టం వాడిన ఇంగ్లీషు మాట ‘డౌరీ’. ఈ మాట నడిచి వచ్చిన దారిని గమనిస్తే, కట్నం గురించి మనం చేసే వాదనలో ఒక లోటు కనిపిస్తుంది.

దీని మూలం లాటిన్ మాట ‘దోస్’. ఇవ్వడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. మన కన్యాదానంలోని ‘దానం’ కూడా అదే ధాతు కుటుంబానికి చెందినది. రోమన్ చట్టంలో దోస్ అంటే పెళ్లికూతురి తరఫువారు భర్త చేతికిచ్చే ఆస్తి. ఆ మాట ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి చేరి డవర్, డౌరీ అని రెండయింది. భర్త మరణించాక అతని భూమిలో భార్యకు జీవితాంతం దక్కే వాటా డవర్. సాధారణంగా అది మూడో వంతు. ఆ వాటా కోసం వితంతువు ఏమీ చెల్లించనక్కరలేదని 1215 నాటి మాగ్నా కార్టా చెప్పింది. తొలినాళ్లలో డౌరీకి కూడా ఈ అర్థం ఉండేది. క్రమంగా అది పోయి, భార్య వెంట భర్త ఇంటికి వెళ్లే సొమ్ము అన్న అర్థమే మిగిలింది. డవర్ హక్కును ఇంగ్లండు 1925 చట్టంతో రద్దు చేసింది.

మన 1961 వరకట్న నిషేధ చట్టం రెండో సెక్షన్‌లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ముస్లిం పర్సనల్ లా వర్తించేవారి డవర్, అంటే మహర్, డౌరీ కిందికి రాదని అందులో ఉంది. కారణం స్పష్టమే. మహర్ భార్యకు చెందుతుంది. కట్నం భర్త ఇంటికి చేరుతుంది.

‘కట్నం ఆడపిల్ల వాటాయే కదా’ అనేవారికి ఇదే జవాబు. ఆమె చేతికి రానిది, ఆమె పేరున లేనిది ఆమె వాటా ఎలా అవుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉంది. అయినా ‘పెళ్లిలో ఇచ్చేశాం’ అంటూ అన్నదమ్ములు ఆడపిల్లల చేత హక్కు విడుదల పత్రాలు రాయించుకుంటూనే ఉన్నారు.

కట్నం ఎవరు పుచ్చుకున్నా దాన్ని వధువుకు అప్పగించి తీరాలని అదే చట్టంలోని ఆరో సెక్షన్ చెబుతోంది. వేధింపుల కేసు పెట్టేటప్పుడు మనం దీన్ని తరచూ వదిలేస్తున్నాం. శిక్ష కోసం పోరాడుతూనే, ఆమె సొమ్ము ఆమెకు తిరిగి ఇప్పించమని అడగాలి. పుట్టింటి ఆస్తిలో వాటా రాయించుకోవడం గురించి కూడా ప్రతి గ్రామ సమావేశంలో మాట్లాడాలి. కట్నం వద్దనడం ఒక్కటే చాలదు. ఆస్తి ఆమె పేరున ఉండాలని కూడా అడిగితేనే మన వాదన పూర్తవుతుంది.