భయం పోగొట్టే చూపు

కుక్క ఏమీ చెయ్యదని పిల్లలకు ఎంత నచ్చజెప్పినా భయం పోదు. 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా బృందం వేరే దారి పట్టింది. కుక్కలంటే హడలిపోయే మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ఎదుట, బెరుకులేని వారి ఈడు పిల్లవాడొకడు కుక్కకు కొద్దికొద్దిగా దగ్గరయ్యాడు. చూసిన పిల్లల్లో చాలామంది చివరికి కుక్క ఉన్న కంచెలోకి తామే దిగి, దానితో ఒంటరిగా ఉండగలిగారు. (బల్లిని చూసి మనం పెట్టే కేకను కూడా పిల్లలు ఇంతే శ్రద్ధగా నేర్చుకుంటారు!) పాములంటే భయపడే పెద్దలపై 1969లో చేసిన ప్రయోగంలో, ఊరికే చూడటం కన్నా, చికిత్సకుడు ముందు తాను పామును పట్టుకుని, తర్వాత పక్కనుండి వారిచేత తాకించడం ఎక్కువ పనిచేసింది. తీవ్రమైన భయాలున్నవారు మాత్రం దీన్ని ఇంట్లో ప్రయత్నించకుండా మానసిక వైద్య నిపుణులను కలవండి.